మధ్యలో గొట్టం

2020 మేలో మైక్రోసాఫ్ట్ లైనక్స్‌కు ఓ డైరెక్ట్‌ఎక్స్ (విండోస్ గ్రాఫిక్స్) డ్రైవర్ పంపింది. కోడంతా ఓపెనే! కాకపోతే అది స్వయంగా బొమ్మ గీయదు. విండోస్‌లోనే లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లోని ప్రోగ్రాముల ఆదేశాలను హైపర్-వి అనే వర్చువల్ యంత్రాల పొర మీదుగా అవతలి విండోస్‌కు మోస్తుంది, అంతే. ఆ విండోస్ కోడ్ ఎవరికీ చూపరు. ఇవతల డ్రైవర్‌ను పిలిచే లైబ్రరీలూ మూతబెట్టినవే. మధ్యలో గొట్టం మాత్రం బహిరంగం. ఇక సమీక్షించండి మహాప్రభో! పెళ్లికూతుర్ని చూపించకుండా శుభలేఖలో అచ్చుతప్పులు దిద్దమన్నట్టుంది. ఫలానా సందేశంలో ఫలానా అంకె ఎందుకుందో అవతలి విండోస్‌కే తెలియాలి. మనం ట్యాబులు, ఖాళీలు సరిచూసి సంతకం పెట్టడమే. లైనక్స్ గ్రాఫిక్స్ వాళ్లకో పాత నియమముంది: వాడే లైబ్రరీ కూడా ఓపెన్ అయితేనే డ్రైవర్‌కు గుమ్మంలోకి ప్రవేశం. పాపం, ఇంత ఉదారంగా ఇస్తుంటే నియమాలట!