ఆటో లైట్లు మొరాయిస్తే: ఎవరూ చెప్పని తలకిందుల సలహాలు

చీకటి పడి అరగంటయినా కారు హెడ్‌లైట్లు వెలగవు. ఇంకొకరి కారుకేమో మిట్టమధ్యాహ్నం మాడే ఎండలో రెండు దీపాలూ వెలుగుతూనే ఉంటాయి. రెండూ ఆటోమేటిక్ హెడ్‌లైట్ల జబ్బులే. ఎవర్ని అడిగినా వచ్చే సమాధానం ఒకటే: "సెన్సర్ పోయినట్టుంది సార్, మార్చేద్దాం." ఆ మాటకు నేను అడ్డం తిరుగుతున్నాను. కింద చెప్పబోయే సలహాలు వినగానే పెడసరంగా తోస్తాయి. అయినా ప్రతిదీ నమ్మే చెబుతున్నాను. లైట్లు లేని కారు రాత్రిపూట రోడ్డెక్కితే నష్టపోయేది దాని యజమాని ఒక్కడే కాదు, వెనకాల వచ్చేవాడూ ఎదురొచ్చేవాడూ కూడా.

1. బాగు చేయించడం తర్వాత, ముందు వాడటం మానేయండి

స్టీరింగ్ పక్కనున్న లైట్ల స్విచ్చిని ఆటో నుంచి తిప్పి హెడ్‌లైట్ గుర్తు మీద పెట్టండి. ఇక ఈ రాత్రికి వచ్చిన ప్రమాదం లేదు, రిపేరు సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు. చాలామంది చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒకరోజు వెలుగుతుందిలే, ఒకరోజు వెలగదులే అనుకుంటూ ఆటోలోనే ఉంచి, షోరూంలో అపాయింట్‌మెంట్ దొరికేదాకా తిరుగుతుంటారు.

ఇందులో కనిపించని ప్రమాదం ఒకటుంది. కొత్త కార్లకు పగలు వెలిగే తెల్లటి దీపాలు ముందువైపు ఉంటాయి. మీటరు తెర రాత్రీపగలూ ఒకేలా వెలుగుతుంది. ఊళ్లో వీధిదీపాల వెలుతురు ఎలాగూ ఉంటుంది. డ్రైవరుకు అన్నీ వెలుగుతున్నట్టే ఉంటుంది. కానీ చాలా కార్లలో పగటి దీపాలతోపాటు వెనక దీపాలు వెలగవు. వెనక వచ్చే లారీ డ్రైవరు కంటికి అక్కడ కారు ఉన్న ఆనవాలే ఉండదు. ఈ బెడద తట్టుకోలేకే కెనడా 2021 సెప్టెంబరు నుంచి కొత్త వాహనాలకు ఒక నిబంధన పెట్టింది. చీకట్లో వెనక దీపాలు కూడా వెలగాలి, లేదా లైట్లన్నీ వాటంతటవే రావాలి, రెండూ లేకపోతే డ్రైవరు ముందున్న మీటరు చీకటిగా ఉండి లైటు వేయమని గుర్తుచేయాలి. మన దగ్గర ఆ పని మన కాళ్లే చేయాలి. కారు ఆపి, దిగి, వెనక్కి నడిచి, దీపాలు వెలుగుతున్నాయో లేదో కళ్లతో చూడండి.

2. రాత్రి వెలగట్లేదా? మధ్యాహ్నం పరీక్షించండి

రాత్రిపూట చూస్తే వెలగలేదన్న సంగతి తెలుస్తుందే తప్ప ఎందుకన్నది తెలియదు. పట్టపగలు గోడకు ఎదురుగా కారు నిలిపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, స్విచ్చి ఆటోలో పెట్టండి. వెలుతురును కొలిచే సెన్సర్ రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి డ్యాష్‌బోర్డు మీద, ముందద్దానికి ఆనుకుని, నల్లటి చిన్న బుడిపెలా. రెండోది వాన సెన్సర్‌తో కలిసి, లోపలి అద్దం వెనక, ముందద్దానికి అతుక్కుని. మీ కారుకు ఏది ఉంటే దాని మీద దళసరి నల్లగుడ్డ నాలుగు మడతలు వేసి కప్పండి. పల్చటి రుమాలు చాలదు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, పల్చటి గుడ్డ దాన్ని ఆపలేదు. లోపలి అద్దం వెనకున్న సెన్సర్‌కైతే అద్దానికి బయటివైపు నుంచి కప్పాలి.

కప్పాక లైట్లు వెలిగితే సెన్సర్ బతికే ఉంది. గుడ్డ తీయగానే ఆరలేదని కంగారు పడకండి. వాహనాల దీపాల మీద ఐక్యరాజ్యసమితి నిబంధన 48 చెప్పిన లెక్క ఇది: వెలుతురు 1000 లక్స్ కంటే తగ్గితే 2 సెకన్లలోపు వెలగాలి. 7000 దాటితే ఆరాలి, అది కూడా 5 సెకన్ల తర్వాతే, 300 సెకన్లలోపు. మధ్యలో ఏం చేయాలన్నది తయారీదారు ఇష్టం. వెలగడానికి తొందర, ఆరడానికి నిదానం కావాలనే పెట్టారు. లేకపోతే చెట్ల నీడలున్న రోడ్డు మీద దీపాలు మిణుకుమిణుకుమంటూనే ఉంటాయి. చెట్ల కింద వెలిగి ఎండలోకి వచ్చాక కూడా కాసేపు ఉన్న లైటు జబ్బు కాదు. కారు తాళం వేశాక అరనిమిషం వెలిగి ఆరేదీ జబ్బు కాదు. మనం ఇంటి గుమ్మం చేరేదాకా దారి చూపించే ఏర్పాటది.

3. ఆటోను వదిలేసి మామూలు స్విచ్చిని అనుమానించండి

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, అయినా దీన్ని చేసేవాళ్లు తక్కువ. చేత్తో స్విచ్చి తిప్పితే రెండు లైట్లూ వెలిగాయనుకోండి. బల్బు, ఫ్యూజు, రిలే, లైటు దాకా వెళ్లే వైరింగ్ అన్నీ బాగున్నట్టే. ఇక మిగిలే అనుమానితులు సెన్సర్, స్విచ్చిలో ఆటో దగ్గరుండే కాంటాక్టు, మెనూలో ఎవరో మార్చిన సెట్టింగ్, అన్నిటికీ ఆజ్ఞలిచ్చే బాడీ కంట్రోల్ మాడ్యూల్. చేత్తో తిప్పినా వెలగకపోతే సెన్సర్ పాపం నిర్దోషి, దాని జోలికి పోవద్దు. ఒకవైపే వెలగకపోతే ఆ వైపు బల్బో, కనెక్టరో, ఫ్యూజో చూడండి.

జబ్బు ఏ వైపుకు వంగిందో కూడా గమనించండి. సెన్సర్‌లో ఉండేది ఫోటోడయోడ్. వెలుతురు పడేకొద్దీ అందులో కరెంటు పెరుగుతుంది, చీకట్లో దాదాపు ఉండదు. అందుకే చాలా కార్లలో సెన్సర్ కనెక్టర్ ఊడిపోయినా, దానికేదైనా అడ్డం వచ్చినా, కారు దాన్ని రాత్రి కిందే జమకట్టి లైట్లు వేసేస్తుంది. పగలంతా వెలుగుతున్నాయంటే ముందు సెన్సర్ దగ్గర వెతకండి. ఎప్పటికీ వెలగట్లేదంటే సెన్సర్‌ను చివర్న వెతకండి. షాపుల్లో చాలాసార్లు ఈ తేడా చూడకుండా, రెండింటికీ సెన్సరే మార్చమంటారు.

4. మెకానిక్‌ను పిలిచే ముందు దేవుణ్ణి కాస్త జరపండి

కొత్త కారుకు పూజ అవుతుంది. డ్యాష్‌బోర్డు మీద వినాయకుడో, వెంకన్నో, ఏసుప్రభువో, కాబా బొమ్మో వెలుస్తుంది. సరిగ్గా మధ్యలో, అద్దానికి దగ్గరగా, ఎదురుగా కనిపించేలా పెడతాం. చాలా కార్లలో ఆ నల్ల బుడిపె ఉండేదీ అక్కడే. విగ్రహం కింద అంటించిన డబుల్ టేపు సగం బుడిపెను మూసేస్తుంది. మిగతా సగం మీద విగ్రహం నీడ. పైనుంచి బంతిపూల దండ. ఎండ ఎంత కాసినా ఆ కారుకు తెల్లారదు. భక్తికి లోటు రాకుండా విగ్రహాన్ని జానెడు పక్కకు జరపండి, బుడిపె మీది పసుపు కుంకుమల మరకను తడిగుడ్డతో మెల్లగా తుడవండి. కొందరికి రిపేరు అక్కడితోనే అయిపోతుంది.

డ్యాష్‌బోర్డు మీద వస్తువులు జారకుండా పరిచే రబ్బరు చాప, మొబైల్ హోల్డర్ తాలూకు రబ్బరు గిన్నె, డ్యాష్‌క్యామ్ పాదం కూడా ఇదే పని చేస్తాయి. టోల్‌గేట్ల దగ్గర 2021 ఫిబ్రవరి మధ్య నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక అందరం ముందద్దం మధ్యలో, లోపలి అద్దం వెనక స్టిక్కరు అంటించాం. వాన సెన్సర్ కిటికీ ఉండేదీ ఆ చుట్టుపక్కలే. స్టిక్కరు అంచు ఆ కిటికీ మీదికి ఎక్కిందేమో బయటినుంచి చూడండి. ముందద్దం పైభాగానికి నల్ల ఫిల్ము పట్టీ అంటించి ఉంటే దాన్నీ అనుమానించండి.

5. అద్దం మార్చాక వచ్చిన జబ్బుకు సెన్సర్ కొనొద్దు

రాయి తగిలి ముందద్దం పగిలింది, ఇన్సూరెన్సులో కొత్తది వేశారు, ఆ వారం నుంచే లైట్లు, వైపర్లు పిచ్చిగా ప్రవర్తిస్తున్నాయి. ఇలాంటప్పుడు కొత్త సెన్సర్‌కు బిల్లు కట్టడం దండగ. అద్దానికీ సెన్సర్‌కూ మధ్య పారదర్శకంగా, మెత్తగా ఒక జెల్ బిళ్ల ఉంటుంది. కాంతి చెదరకుండా సెన్సర్‌కు చేర్చేది అదే. పాత బిళ్లను పీకి మళ్లీ అంటిస్తే దుమ్ము చేరుతుంది, గాలి బుడగలు మిగులుతాయి. కారు బయట నిలబడి, లోపలి అద్దం వెనకున్న ఆ చిన్న కిటికీ మీద మొబైల్ టార్చి ఏటవాలుగా వేయండి. బిళ్ల బాగుంటే నల్లగా, ఒకే తీరుగా కనిపిస్తుంది. బుడగలుంటే వెండిచుక్కల్లా తళుక్కుమంటాయి. అవి కనిపిస్తే ఫోటో తీసుకుని అద్దం వేసిన షాపుకే వెళ్లి, కొత్త బిళ్ల వేయమని అడగండి.

6. స్కానర్ "తప్పేమీ లేదు" అంటే సంతోషించకండి

అంగట్లో దొరికే చిన్న స్కానర్లలో చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. లైట్ల తప్పులు బాడీ కోడ్‌ల కింద, వేరే మాడ్యూల్‌లో దాక్కుంటాయి. వాటిని చదవగల స్కానర్ ఉన్నవాడి దగ్గరికే వెళ్లండి. వెళ్లాక కోడ్ కంటే లైవ్ డేటా చూపించమనండి. సెన్సర్ మీద గుడ్డ వేస్తూ తీస్తూ ఉంటే తెర మీది అంకె మారాలి. అంకె మారుతోంది, లైటు మాత్రం రావట్లేదంటే సెన్సర్ నిక్షేపంగా ఉంది, లోపం స్విచ్చిలోనో మాడ్యూల్‌లోనో ఉంది. అంకె కదలకుండా నిలిచిపోతే కనెక్టరు, వైరు, ఆ తర్వాతే సెన్సర్. కోడ్‌లు కాగితం మీద రాసుకోకముందే చెరిపేయనివ్వొద్దు. "బ్యాటరీ తీసి పెడితే రీసెట్ అయిపోతుందన్నా" అనే చిట్కా కూడా వద్దు. దాంతో జబ్బు పోదు, దాని ఆనవాళ్లు పోతాయి.

7. వెలుతురు చాలట్లేదని బల్బు మార్చకండి

ఆటో సరిగా పనిచేయట్లేదని వెళ్తే తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు అంటగట్టేవాళ్లున్నారు. హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్‌ఈడీ పెడితే కాంతి పడాల్సిన చోట పడదు, ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. కరెంటు తక్కువ తీసుకోవడంతో బల్బు పోయిందని కారు భ్రమపడి హెచ్చరిక చూపొచ్చు, లైటు మిణకొచ్చు. ఉన్న జబ్బుకు తోడు రెండో జబ్బు కొనుక్కున్నట్టవుతుంది.

8. బాగయ్యాక కూడా దాన్ని నమ్మకండి

అన్నిటికంటే మొండి సలహా ఇదే, నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేదీ దీని మీదే. సెన్సర్ కొలిచేది వెలుతురును మాత్రమే. మన కారు ఎదుటివాడికి కనిపిస్తోందా లేదా అన్నది దానికి తెలియదు. చలికాలం ఉదయం లంబసింగి దారిలోనో, విజయవాడ హైవే మీదో తెల్లటి పొగమంచు కమ్మితే సెన్సర్‌కు బోలెడంత వెలుతురు అందుతుంది, అందుకే లైటు వేయదు. యాభై అడుగుల అవతలున్నవాడికి మాత్రం మన కారు కనిపించదు. పట్టపగలు కురిసే జడివానలో కూడా ఇదే తంతు. కొన్ని కార్లు వైపర్లు వేయగానే లైట్లు వేస్తాయి, అన్నీ వేయవు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా పొద్దుగూకిన తర్వాత మాత్రమే కాదు, తగినంత వెలుతురు లేని ఏ వేళలోనైనా లైట్లు ఉండాలనే అంటున్నాయి. సెన్సర్ వేయలేదన్న సాకు అక్కడ చెల్లదు.

అందుకే నా మాట: ఊరు దాటి హైవే ఎక్కితే పగలైనా రాత్రైనా లో బీమ్ చేత్తో వేసుకోండి. పొగమంచులో హై బీమ్ వద్దు, ఆ కాంతి మంచుకు తగిలి మన కళ్లకే తిరిగొస్తుంది. బ్యాటరీ అయిపోతుందన్న భయం అక్కర్లేదు. హాలోజన్ దీపాల జత తీసుకునేది 110 వాట్లు, ఎల్‌ఈడీలు అంతకంటే తక్కువ. ఇంజిన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్‌కు అదొక లెక్క కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో తయారయ్యే ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటోంది. బైకు మీది మనిషి కనబడాలని పెట్టిన ఆ నియమం, నలుగురిని ఎక్కించుకున్న కారుకు ఎందుకు వర్తించకూడదు?

ఆటోను బాగు చేయించుకోండి, తప్పకుండా చేయించుకోండి. మనం మరిచిపోయిన రోజు అది ఆదుకుంటుంది. మరిచిపోని రోజుల్లో మాత్రం ఆ స్విచ్చి మీరే తిప్పండి. డ్రైవింగ్ నేర్చుకుంటున్న మీ పిల్లలకు సీటు బెల్టు తర్వాత ఆ స్విచ్చి చూపించండి, ఆటో అన్న గుర్తును ఆ తర్వాత చూపించండి.