ఏది ఒరిజినల్ బావా?

మా కుటుంబంలో ఆస్తి తగాదాలు లేవు. ఆస్తి లేకపోవడం అందుకు ఒక కారణం. పోట్లాడుకోవడానికి ఇళయరాజా ఉండగా పొలం గట్ల దాకా పోవాల్సిన అవసరం రాకపోవడం ఇంకో కారణం.

పండక్కి అందరం కలిస్తే భోజనాల దాకా ఎలాగో నెట్టుకొస్తాం. తాంబూలాల దగ్గర ఎవరో ఒకరు ‘గీతాంజలి’ పేరెత్తుతారు. 1989 నాటి సినిమా, ఇళయరాజా సంగీతం, వేటూరి పాటలు. అవి గొప్ప పాటలన్న విషయంలో మాలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఏ కాపీలో గొప్పగా ఉన్నాయన్నదే గొడవ. మా బావది ఎల్పీ పక్షం. సూది గాడిలో పడితేనే సంగీతమనీ, మిగతాదంతా సమాచారమనీ ఆయన సిద్ధాంతం. ఆయన కొడుకు, అంటే మా మేనల్లుడు, రీమాస్టర్ పక్షం, అంటే పాత టేపుకి కొత్తగా మెరుగులు దిద్దిన కాపీ పక్షం. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అంటాడు. ఆ అంకెలు వినగానే వాళ్ల నాన్నకి బీపీ లేస్తుంది. నాది క్యాసెట్ పక్షం. మా అక్కది రేడియో పక్షం. పాటకు ముందు వివిధ భారతి అనౌన్సర్ సినిమా పేరూ, రాసినవారి పేరూ, పాడినవారి పేర్లూ చెప్పకపోతే ఆవిడ దృష్టిలో ఆ పాట ఇంకా మొదలవనట్టే.

మద్రాసులో స్థిరపడిన మా చిన్నాన్న ఉన్న రోజైతే ఇంకో కొరివి అంటుకుంటుంది. అదే సినిమా తమిళంలో ‘ఇదయత్తై తిరుడాదే’గా వెళ్లింది. తెలుగులో బాలు పాడినవాటిలో ఎక్కువ పాటలు అక్కడ మనో పాడారు. ఆయన మొదట విన్నది తమిళం కాబట్టి, అసలు పాట అదేనంటారు. సినిమా తీసిందే తెలుగులో కదయ్యా అంటే వినరు. ఆ తమిళ పాట పాడిన మనో మన సత్తెనపల్లివాడని మా అక్క గుర్తు చేస్తే మాత్రం కాసేపు ఊరుకుంటారు.

ఆల్బం చివర అదనంగా చేర్చే బోనస్ ట్రాక్ అనేది విదేశీ కంపెనీలు కనిపెట్టిన వ్యాపారమని మా మేనల్లుడి నమ్మకం. వాడికి తణుకులో మా వీధి చివరి రికార్డింగ్ సెంటర్ తెలియదు పాపం. కాగితం మీద పాటల జాబితా రాసి ఇస్తే, సాయంత్రానికల్లా క్యాసెట్ చేతిలో పెట్టేవాడు ఆ షాపాయన. ఖాళీ క్యాసెట్ మనదైతే ఒక రేటు, ఆయనదైతే ఒక రేటు. లోపలి అట్ట మీద ఎ సైడు ఎర్ర స్కెచ్ పెన్నుతో, బి సైడు ఆకుపచ్చతో, పూల తీగలు చుట్టి మరీ రాసేవాడు. అరవై నిమిషాల క్యాసెట్ అంటే సైడుకి ముప్పై నిమిషాలు. ఒక సినిమా పాటలన్నీ ఎక్కించాక చివర మూడు నాలుగు నిమిషాల టేపు మిగిలేది. దాన్ని వృథా చేయడానికి ఆయనకి మనసొప్పేది కాదు. తనకిష్టమైన పాట ఏదో ఒకటి వేసేవాడు. అది ప్రేమ పాటల తర్వాత అయ్యప్ప భజన కావచ్చు, విషాద గీతం తర్వాత రికార్డింగ్ డాన్సు పాట కావచ్చు. చరణం మధ్యలో టేపు అయిపోయేది. టక్‌మని మీట పైకి లేచేది.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు వేలు పోసి కొన్న స్పీకర్లలో ఒక రీమాస్టర్ ఆల్బం మొత్తం వినిపించాడు. బాగుంది. మా ఇంట్లో వీణ అనుకున్న చోట గిటార్ ఉందని తెలిసింది. ఆఖరి పాట అయిపోయింది. వాడు మా మొహాల వంక చూశాడు. నేనూ మా తమ్ముడూ కదల్లేదు.

“అయిపోయింది మావయ్యా. ఏంటి చూస్తున్నారు?”

మేం అయ్యప్ప భజన కోసం చూస్తున్నాం. ఆ తర్వాత వచ్చే టక్ కోసం కూడా.

ఇక్కడ మా బావ గురించి ఒక మాట చెప్పాలి. ఎల్పీలు కొనడం మొదలుపెట్టకముందు ఆయనా మా జాతివాడే. ఆయన దగ్గరి ఒక క్యాసెట్‌లో రెండో చరణం దగ్గర టేపు ప్లేయర్‌లో చిక్కుకుని సాగిపోయింది. పెన్సిల్‌తో తిప్పి సరిచేశాడు గానీ, ఆ చోట గొంతు ఒక్కసారి కిందికి జారి పైకి వచ్చేది. అది గమకమని మా బావ తీర్మానించుకున్నాడు. అంతటితో ఆగితే బాగుండేది, కూతురికి కూడా నేర్పాడు. ఆ పిల్ల స్కూల్ పోటీలో ఆ పాటను సాగిన టేపుతో సహా పాడి రెండో బహుమతి తెచ్చుకుంది. ఇప్పుడు కొత్త రీమాస్టర్‌లో ఆ జారుడు లేదు. “గమకాలు కూడా కడిగేశారు వెధవలు” అంటాడాయన.

ఈ జబ్బు తణుకువాళ్లకే ఉందనుకోకండి. 1959 మార్చి 2న, న్యూయార్క్‌లో ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా స్టూడియోలో జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందంతో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బంలోని మొదటి మూడు పాటలు రికార్డు చేశాడు. ఆ రోజు మాస్టర్ టేపు మెషీను కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపుని మామూలు వేగంతో వినిపిస్తే పాట పరిగెత్తుతుంది, శ్రుతి ఒక పిసరు పైకి పోతుంది. ఎవరూ గమనించలేదు. మొదటి వైపంతా అలాగే అచ్చయి లోకం మీద పడింది. ఏప్రిల్ 22న రికార్డయిన రెండో వైపు మాత్రం నిక్షేపంగా ఉంది. తొలి ముద్రణల్లో కొన్నిటి మీద రెండో వైపు పాటల పేర్లు తారుమారయ్యాయి కూడా, అది వేరే కథ. ఆ రికార్డు పక్కన పెట్టుకుని సాధన చేసిన ట్రంపెట్ కుర్రాళ్లు తమ వాయిద్యంలోనే లోపం ఉందనుకుని ఉంటారు.

ఆ రోజు పక్కనే రెండో మెషీను కూడా తిరిగింది, జాగ్రత్త కోసం. 1990లలో ఆ టేపు బయటికి తీసి శ్రుతి సరిచేశారు. 1997 ముద్రణలో ఒక పాటకు ఇంకో టేక్‌ని బోనస్‌గా చేర్చారు కూడా. ఈ కథ చెప్పి మా బావని తీర్పు అడిగాను. ఆ రోజు గదిలో వాయించినది ఒరిజినలా, ముప్పై ఏళ్లు జనం కొనుక్కుని విన్నది ఒరిజినలా?

“మైల్స్ డేవిస్ బతికుండగా జనం విన్నది ఏది?”

“శ్రుతి తప్పినదే బావా. ఆయన 1991లో పోయాడు.”

“అయితే అదే ఒప్పు.”

సుప్రీంకోర్టు కూడా ఇంత తొందరగా తేల్చదు. తేల్చనిమాట నిజమే, పాట మీద హక్కు ఎవరిదని ఇళయరాజాకీ ఆడియో కంపెనీలకీ మధ్య కోర్టుల్లో ఏళ్లుగా నడుస్తోంది. పాట ఎవరిదో న్యాయమూర్తులు తేల్చేలోగా, ఏది పాటో మేం తేల్చే ప్రయత్నంలో ఉన్నాం.

పాత ఆల్బం మీద కొత్తగా చెయ్యి చేసుకోవడంలో పరాకాష్ఠ బ్రిటన్ హెవీ మెటల్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ ఇంట్లో జరిగింది. 1980, 81లలో వచ్చిన ఆయన మొదటి రెండు సోలో ఆల్బంలకి బేస్ గిటార్, డ్రమ్స్ వాయించినవాళ్లు రాయల్టీల కోసం కోర్టుకెక్కారు. 2002లో ఆ ఆల్బంలు మళ్లీ విడుదలైనప్పుడు చూస్తే, వాళ్లు వాయించినదంతా చెరిపేసి వేరేవాళ్లతో వాయింపించి అతికారు. అన్నదమ్ములకి పడకపోతే పెళ్లి ఫోటోలో తలకాయ కత్తిరించి అక్కడ బావమరిది తలకాయ అంటించినట్టన్నమాట. అభిమానులు ఊరుకోలేదు. చివరికి 2011లో పాత వాయింపులు పాత చోటికే వచ్చాయి. నమ్మకస్తుడైన అభిమాని అప్పటికి ఒకే ఆల్బంని ఎల్పీగా, సీడీగా, చెరిపిన సీడీగా, చెరపని సీడీగా కొని ఉంటాడు. కంపెనీలకి మన తగాదాలంటే ఎందుకంత ముద్దో అర్థమవుతోంది కదా.

మనవాళ్లూ తక్కువ తినలేదు. పాత హిందీ పాటల వెనక టకటకలాడే దరువు అతికించి ‘ఝంకార్ బీట్స్’ పేరుతో క్యాసెట్లు అమ్మిన రోజులు గుర్తున్నవాళ్లు ఏ రీమాస్టర్‌నైనా క్షమించగలరు.

మా మేనల్లుడి చేతిలో ఒక బ్రహ్మాస్త్రం ఉంది. అమెరికాలో మొబైల్ ఫిడిలిటీ అనే కంపెనీ పాత ఆల్బంలని ఖరీదైన ఎల్పీలుగా వేస్తుంది. మాస్టర్ టేపు నుంచి నేరుగా, మధ్యలో కంప్యూటర్ సోకకుండా తయారవుతాయన్న నమ్మకంతోనే వాటికంత గిరాకీ. 2022లో బయటపడింది, చాలావాటి తయారీలో మధ్యలో డిజిటల్ దశ ఉందని. డిజిటల్ ఒక్క చుక్క పడినా పసిగట్టేస్తామని ప్రమాణాలు చేసిన చెవులు ఏళ్ల తరబడి ఆ ఎల్పీలనే విని, ఆహా అనలాగ్ అంటే ఇదీ అని పరవశించాయి. కేసులు పడ్డాయి, కంపెనీ రాజీకొచ్చింది. మా మేనల్లుడు ఈ కథని అరిసెలు తింటూ నిదానంగా, ప్రతి తేదీతో సహా చెప్పాడు. మా బావ చివరిదాకా విన్నాడు. ఎల్పీ మీద దుమ్ముని బ్రష్షుతో తుడుస్తూ అన్నాడు: “అవి అమెరికా చెవులు రా.”

ఇక బోనస్ ట్రాకుల మీద మాలో ఐకమత్యం ఉంటుందని అనుకునేరు. ఎక్కువ పాటలు వస్తే ఎవరికి చేదు? మా బావకి చేదు. “రాజా గారు వద్దని పక్కన పెట్టింది వినడానికి నువ్వెవడివోయ్?” అంటాడు. ఇందులో న్యాయం లేకపోలేదు. ఇళయరాజా ప్రతి వాద్యానికీ స్వరాలు కాగితం మీద రాసి, పంచి, వాయింపించే మనిషి. నాలుగు రకాలుగా వాయించి చూద్దాం, బాగున్నది ఉంచుకుందాం అనే పద్ధతి కాదు. బీటిల్స్ ఆల్బంలకి యాభై ఏళ్ల తర్వాత డబ్బాల కొద్దీ దొరికినన్ని రిహార్సల్ టేపులు మనకి దొరక్కపోవచ్చు.

కానీ మనకి వేరే గని ఉంది. సినిమాలో ఉండి క్యాసెట్లో లేని బిట్లు, క్యాసెట్లో ఉండి సినిమాలో లేని పాటలు. 1991 నాటి ‘దళపతి’ తమిళ క్యాసెట్‌లో ఏసుదాస్, జానకి పాడిన ఒక యుగళగీతం ఉంది. సినిమాలో అది లేదు. క్యాసెట్ అరిగేదాకా విని హాలుకెళ్లినవాళ్లు శుభం కార్డు పడేదాకా ఆ పాట కోసం చూసి ఉంటారు. దీనికి తిరగేసిన బాధ మనది: హీరోయిన్ మెట్లు దిగేటప్పుడు వచ్చే ముప్పై సెకన్ల హమ్మింగ్, క్లైమాక్స్‌కి ముందు ఒంటరి వేణువు. ఇవి ఏ క్యాసెట్‌లోనూ రాలేదు. టీవీలో సినిమా వచ్చినప్పుడు టేప్ రికార్డర్‌ని టీవీ ముందు పెట్టి, ఇంటిల్లిపాదినీ ఊపిరి బిగబట్టించి పట్టుకున్నవే మాకు దిక్కు. నా దగ్గరున్న ఒక వేణువు బిట్టులో సరిగ్గా మధ్యలో కుక్కర్ విజిల్ ఉంది. శ్రుతిలోనే ఉంది, అది వేరే సంగతి.

ఇంతకీ నాకు కావలసిన బోనస్ అసలు పాటే కాదు. పింక్ ఫ్లాయిడ్ బృందం 1977లో తెచ్చిన ‘యానిమల్స్’ ఆల్బంకి 2018లో కొత్త మిక్స్ తయారైంది. అది బయటికి రావడానికి 2022 దాకా పట్టింది. కారణం సంగీతం కాదు. అట్ట లోపల అచ్చెయ్యాల్సిన వ్యాసం మీద ఆ బృందానికి చెందిన రోజర్ వాటర్స్‌కీ డేవిడ్ గిల్మర్‌కీ కుదరలేదు. చివరికి ఆ వ్యాసం లేకుండానే విడుదల చేశారు. ఎవరు ఏం రాశారు, ఎవరు ఏం వాయించారు అన్నది నాలుగు వాక్యాల్లో చెప్పడానికి అంత పట్టుదల!

మన అట్టల మీద ఏముంది? హీరో బొమ్మ, కంపెనీ చిరునామా, ధర. ఇళయరాజా బృందంలో వయొలిన్‌కి వి.ఎస్. నరసింహన్, వేణువుకి నెపోలియన్, కీబోర్డుకి విజీ మాన్యుయల్ లాంటి మహామహులు ఉండేవారని అభిమానులు ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు తప్ప, ఫలానా పాటలో ఫలానా వేణువు ఎవరిదని నేను చూసిన తెలుగు క్యాసెట్ ఏదీ చెప్పలేదు. మా అక్క రేడియో అనౌన్సర్ కూడా గాయకుల దగ్గర ఆగిపోయేవాడు.

అందుకని ఆడియో కంపెనీల పెద్దలకి ఒక విన్నపం. రీమాస్టర్ చేయండి, వద్దనం. మళ్లీ కొంటాం, తిట్టుకుంటూనే కొంటాం, అది మీకూ తెలుసు. ఎల్పీ రెండొందల గ్రాములుండాలా, రంగు నలుపే ఉండాలా అన్నది మీ ఇష్టం. కానీ అట్ట లోపల ఒక్క కాగితం పెట్టండి. ఏ పాట ఏ స్టూడియోలో, ఏ తేదీన రికార్డయిందో, వేణువెవరో, వయొలిన్లెవరో, తబలా ఎవరో రాయించండి. ఆ వాయించినవాళ్లలో ఉన్నవాళ్లు పెద్దవాళ్లయిపోయారు. వచ్చే వార్షికోత్సవ ముద్రణ దాకా ఆగకుండా, ఈ ఏడే వెళ్లి అడగండి.