తీగ మార్చి చూడు: టీకా తాత్పర్య సహితం

పచ్చదీపమున్నఁ బలుకదు ప్రాసెసర్
మీట నొక్కినంత మేలుకొనును
బరువు పెట్టగానె పడిపోవు మూర్ఛలో
తీగ మార్చి చూడు తెలివియున్న

అవతారిక: సమయం అర్ధరాత్రి. స్థలం ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఈసీఈ ల్యాబు. తెల్లారితే ప్రాజెక్టు రివ్యూ. కెమెరా పంపిన బొమ్మలో అంచులు గుర్తించే సర్క్యూట్‌ను ఎఫ్‌పీజీఏలో పెట్టి, పక్కనే ప్రాసెసరులో లినక్స్ నడుపుకుంటున్న ఫైనలియర్ కుర్రవాడొకడు "అన్నా, బోర్డు మళ్లీ హ్యాంగయిందన్నా" అని వాపోయాడు. ఎంటెక్ సీనియరు ఫోనులోంచి తలెత్తకుండానే ఈ పద్యం చెప్పాడు. తలెత్తకపోవడం ఇక్కడ గమనించదగినది. రోగిని చూడకుండా మందు చెప్పాడంటే రోగం ఊరందరికీ ఉన్నదే అన్నమాట.

బోర్డు పేరు పద్యంలో లేదు. జైలింక్స్ కంపెనీ 2011లో ప్రకటించిన జింక్ 7000 జాతి చిప్పు గల బోర్డని వ్యాఖ్యాతల అభిప్రాయం. ఆ చిప్పులో ఒక పక్క రెండు ఆర్మ్ కార్టెక్స్ ఏ9 కోర్లు. ఇంకో పక్క మనం ఎలా రాస్తే అలా మారే ఎఫ్‌పీజీఏ భాగం. రెండింటికీ మధ్య ఏఎక్స్ఐ అనే బస్సు. ఈ కాపురంలో వచ్చే కలతలే పద్యానికి విషయం.

ప్రతిపదార్థం: పచ్చదీపము = పవర్ ఎల్‌ఈడీ; ఉన్నఁ = వెలుగుతూ ఉన్నప్పటికీ; ప్రాసెసర్ పలుకదు = సీరియల్ టెర్మినల్‌లో ఒక్క అక్షరమైనా రాల్చదు; మీట నొక్కినంత = రీసెట్ బటన్ నొక్కగానే; మేలుకొనును = ఏమీ ఎరగనట్టు బూటు సందేశాలు మళ్లీ మొదటినుంచి చదువును; బరువు పెట్టగానె = కరెంటు ఎక్కువ లాగే పని అప్పజెప్పగానే; మూర్ఛలో పడిపోవు = తిరిగి కదలిక లేకుండా పోవును; తెలివి ఉన్న = ఉంటే; తీగ = యూఎస్‌బీ కేబుల్; మార్చి చూడు = వేరేది పెట్టి పరీక్షించు.

తాత్పర్యం: లైటు వెలిగినంత మాత్రాన బోర్డుకు చాలినంత కరెంటు అందుతోందని అనుకోవద్దు. ప్రోగ్రాములో తప్పులు వెతకబోయే ముందు కేబుల్ మార్చు.

ఇక విశేషాలు.

"పచ్చదీపము." ఈ దీపం చెప్పే సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది? చాలా బోర్డుల్లో ఇది 3.3 వోల్టుల లైనుకు తగిలించి ఉంటుంది. చిప్పు బతికేది ఆ ఒక్క లైను మీద కాదు. లోపలి లాజిక్కుకు 1.0 వోల్టు, సహాయక సర్క్యూట్లకు 1.8, డీడీఆర్3 మెమరీకి 1.5 లేక 1.35, ఇలా అరడజను దాకా లైన్లుంటాయి. 1.0 వోల్టు లైనుకు ఉన్న వెసులుబాటు అటూ ఇటూ ఐదు శాతం. 0.95కి కిందికి జారితే లోపలి ఫ్లిప్‌ఫ్లాపులు ఏం చేస్తాయో తయారీదారు హామీ ఇవ్వడు. ఆ జారుడు మైక్రోసెకన్ల పనైతే దీపం రెప్ప కూడా వేయదు, వేసినా మన కంటికి ఆనదు. మల్టీమీటరు పెట్టినా అది సగటు చెప్పి ఊరుకుంటుంది.

కొన్ని ప్రతుల్లో "నీలిదీపమున్న" అని పాఠాంతరం ఉంది. కొన్ని బోర్డుల మీద ఎఫ్‌పీజీఏలోకి మన డిజైను, అంటే బిట్‌స్ట్రీమ్, ఎక్కిందని చెప్పే డన్ లైటు నీలంగా ఉంటుంది కాబట్టి ఈ పాఠాన్ని సమర్థించినవారున్నారు. "నీ"కి "బ"కు యతి కుదరదు. త్రోసిపుచ్చడమైనది.

"పలుకదు." కవి ఒక్క మాటతో సరిపెట్టాడు కానీ మౌనం మూడు రకాలు. వీటిని విడదీయలేనివాడు ల్యాబులో కూర్చుని తెల్లవార్లూ ప్రింట్ స్టేట్‌మెంట్లు చేరుస్తూనే ఉంటాడు. టెర్మినల్ మూగబోయినా జేట్యాగ్ ద్వారా డీబగ్గర్ వెళ్లి కోరును ఆపగలిగితే, ప్రాసెసరు ఏదో లూపులో తిరుగుతోంది, లేదా ఎక్సెప్షన్‌లో చిక్కుకుంది. అది సాఫ్ట్‌వేర్ తగాదా. డీబగ్గర్ చిప్పును చూడగలుగుతోంది గానీ కోరును ఆపలేక టైమౌట్ అంటోంది అంటే, కోరు బస్సు మీద ఒక జవాబు కోసం ఎదురుచూస్తూ మధ్యలో నిలిచిపోయింది. ఇక జేట్యాగే మాయమై, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ ఊడిపోయిన చప్పుడు చేసిందా, బోర్డుకు కరెంటే పోయి వచ్చింది. ఆ చప్పుడు వినిపించినా సీ కోడు తిరగేస్తూ కూర్చునేవాణ్ణి ఏ వ్యాఖ్యానమూ బాగుచేయలేదు.

"మీట." ఇక్కడ కవికి క్రమభంగ దోషం తగిలింది. మీట రెండో పాదంలోనే నొక్కించాడు, తీగను నాలుగో పాదం దాకా గుర్తు చేయలేదు. జింక్ చిప్పులో రీబూట్ స్టేటస్ అనే రిజిస్టరు ఉంది. కిందటిసారి రీసెట్ ఎవరి వల్ల అయిందో అందులో రాసి ఉంటుంది: పవర్ ఆన్ రీసెట్టా, బటనా, వాచ్‌డాగా, డీబగ్గరా అని. మనం చెయ్యి వేయకుండా బోర్డు తనంతట తాను మళ్లీ బూటయితే, బూట్‌లోడరు యూ బూట్ దగ్గర ఆపి ఆ రిజిస్టరు చదవాలి. పవర్ ఆన్ రీసెట్ గుర్తు కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. తొందరపడి మీట నొక్కాక చదివితే ఆ సాక్ష్యానికి విలువ లేదు. మన వేలిముద్రలు మనమే పెట్టినట్టు.

"బరువు పెట్టగానె." ఈ పద్యానికి ప్రాణం ఇదే. ఖాళీగా ఉన్నప్పుడు బోర్డు బాగానే బతుకుతుంది. బిట్‌స్ట్రీమ్ ఎక్కి, వేల ఫ్లిప్‌ఫ్లాపులు ఒకే క్లాకుకు ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలుపెట్టిన క్షణాన కరెంటు మెట్టెక్కినట్టు పెరుగుతుంది. అప్పుడే కెమెరా కూడా యూఎస్‌బీకి తగిలిస్తే దాని వాటా వేరే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇస్తానని ఒప్పుకున్నది 500 మిల్లీ ఆంపియర్లు. సరే, ల్యాప్‌టాప్ ఉదారంగా 1 ఆంపియర్ ఇచ్చిందే అనుకుందాం. సన్నరకం కేబుల్లో కరెంటు తీగ 28 గేజి. దాని నిరోధం మీటరుకు సుమారు 0.21 ఓములు. మీటరు కేబుల్లో పోను ఒక మీటరు, రాను ఒక మీటరు. అంటే 0.42 వోల్టులు తోవలోనే ఖర్చు. పోర్టులో 5 వోల్టులు బయలుదేరితే బోర్డు గుమ్మంలో 4.58. కనెక్టరు వదులైతే ఇంకా తక్కువ.

కథ అక్కడితో ఆగితే బాగుండును. బోర్డు మీది స్విచ్చింగ్ రెగ్యులేటరు మొండిది. వచ్చే వోల్టేజీ తగ్గినకొద్దీ, ఇవ్వాల్సిన పవరు ఇచ్చి తీరాలని కరెంటు ఇంకాస్త లాగుతుంది. లాగినకొద్దీ తీగలో నష్టం పెరుగుతుంది, వోల్టేజీ ఇంకా తగ్గుతుంది. చివరికి రెగ్యులేటరు చేతులెత్తేస్తుంది. బరువు దిగగానే వోల్టేజీ కోలుకుంటుంది, బోర్డు లేస్తుంది, ప్రోగ్రాము మళ్లీ బరువు పెడుతుంది. "పడిపోవు" అని కవి ఒక్కసారే అన్నా, నిజానికి అది పడుతూ లేస్తూ ఉండటమే.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ శాఖవారు అడ్డు తగులుతారు. వారి ప్రకారం "బరువు" అంటే ఎఫ్‌పీజీఏ భాగంలోని చిరునామాను ప్రాసెసరు తొలిసారి చదవబోవడం. "తీగ" అంటే ఏఎక్స్ఐ. ఈ అన్వయం కొట్టిపారేయదగింది కాదు. అటుపక్క బిట్‌స్ట్రీమ్ ఎక్కకపోయినా, క్లాకు నడవకపోయినా, రెండు పక్కల మధ్య లెవెల్ షిఫ్టర్లు తెరవకపోయినా, చదవడానికి వెళ్లిన ప్రాసెసరు అక్కడే ఉండిపోతుంది. ఏఎక్స్ఐ నియమాల్లో ఇంతసేపు చూసి వెనక్కి వచ్చెయ్ అనే గడువు లేదు. లినక్స్ దీనికి ఇంకో చిలిపి చేష్ట కలుపుతుంది. బూటు చివర్లో, ఎవరూ అడగని క్లాకులన్నీ ఆర్పేస్తుంది. కుర్రవాడు డ్రైవరు రాయకుండా నేరుగా చిరునామా చదువుదామని చెయ్యి పెట్టేసరికి అటు క్లాకు లేదు, ఇటు బోర్డు లేదు. బూటు ఆర్గ్యుమెంట్లలో "సీఎల్‌కే ఇగ్నోర్ అన్‌యూజ్డ్" అని చేరిస్తే ఈ గండం గడుస్తుంది. డివైస్ ట్రీలో క్లాకును ఫలానావారిదని రాసిపెట్టడం అంతకంటే మర్యాద.

ఈ అన్వయంలో రసం విప్రలంభ శృంగారం, నాయిక ప్రాసెసరు. ఏ నాయిక అన్న దగ్గర తగువుంది. చిరునామా పంపినా అటునుంచి రెడీ అన్న సంకేతమే రాకపోతే విరహోత్కంఠిత. రెడీ అని చిరునామా పుచ్చుకొని, తర్వాత డేటా పంపకపోతే విప్రలబ్ధ. కుర్రవాడు చేత్తో రాసిన ఏఎక్స్ఐ స్లేవుల్లో ఎక్కువ ఈ బాపతే. డేటా వ్యాలిడ్ అని చెప్పడానికి ముందు, ఎదుటివాడు రెడీ అంటాడేమోనని చూస్తూ కూర్చుంటుంది ఆ స్లేవు. ఎదుటివాడేమో వ్యాలిడ్ వస్తే రెడీ అందామని చూస్తుంటాడు. అతడికి ఆ హక్కు ఉంది, స్లేవుకు లేదు. వోల్టేజీ జారి డీడీఆర్‌లో బిట్లు తారుమారై, ప్రియుడు వచ్చీ పరాయి గుర్తులతో వస్తే ఖండిత. వాచ్‌డాగ్ పెట్టుకున్నది ప్రోషితభర్తృక: గడువు లెక్క ఉంది, దాటితే ఇల్లే తిరగేస్తుంది. ఎవరికీ చెందని చిరునామా అడిగితే ఇంటర్‌కనెక్ట్ డీకోడ్ ఎర్రర్ అని మొహమ్మీదే చెప్పేస్తుంది. అందులో రసం లేదు, సుఖం ఉంది.

రెండు శాఖల తగువు తీర్చడానికి కొందరు క్లాకును 100 మెగాహెర్ట్జ్ నుంచి 50కి దించి చూడమంటారు. దించితే బోర్డు బతికిందనుకోండి, పవరువాళ్లు కరెంటు తగ్గింది గనక మేమే గెలిచామంటారు. టైమింగ్‌వాళ్లు మధ్యలో దూరి, గడువు పెరిగింది గనక మేమంటారు. టైమింగ్ కుదరలేదని వివాడో అనే డిజైను సాఫ్ట్‌వేర్ హెచ్చరించి కూడా బిట్‌స్ట్రీమ్ చేసిస్తుంది మరి. అటువంటి డిజైను పొద్దున చల్లగా ఉన్నప్పుడు నడిచి మధ్యాహ్నానికి మూర్ఛపోతుంది. కాబట్టి ఈ పరీక్ష పనికిరాదు. చిప్పులోనే ఉన్న ఎక్స్‌ఏడీసీని జేట్యాగ్ ద్వారా అడగడం మేలు. లోపలి వోల్టేజీలు ఎంత కిందికి జారాయో, ఎంత పైకి పోయాయో అది గుర్తుపెట్టుకుంటుంది. మరీ పొట్టి జారుళ్లు దాని కళ్లు కూడా కప్పుతాయి. అప్పుడు ఆసిలోస్కోపు ప్రోబుకు పొడవాటి గ్రౌండు క్లిప్పు తీసేసి చిన్న స్ప్రింగు తగిలించి, పడే అంచుకు సింగిల్ షాట్ ట్రిగ్గర్ పెట్టి కాచుకోవాలి.

నా ఓటు మాత్రం హార్డ్‌వేర్ శాఖకే. వారి పరీక్షకు నిమిషం పడుతుంది, అవతలివారి పరీక్షకు రాత్రి పడుతుంది.

"తీగ." ఫోను ఛార్జింగుకని కొన్నది కాక, పొట్టిది, లావుది కావాలని వ్యాఖ్యాతలు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతుంది. లక్షణార్థంలో అడాప్టరు కూడా తీగలోకే వస్తుంది. అయితే జెడ్‌బోర్డుకు 12 వోల్టులు, డీఈ10 నానోకు 5 వోల్టులు. గుండ్రటి పిన్ను దేంట్లోనైనా దూరవచ్చు, కాబట్టి దూర్చే ముందు అంకె చదవాలి. యూఎస్‌బీ నుంచి అడాప్టరుకు మారినప్పుడు జంపరు కూడా మార్చాల్సిన బోర్డులున్నాయి. ఈ మాట పద్యంలో లేకపోవడం కవి లోపం కాదు, ఆటవెలదికి చోటు చాలదు.

చివరి పాదానికి "బోర్డు మార్చి చూడు" అని ఇంకో పాఠం చెలామణిలో ఉంది. గణాలు సరిపోతాయి. "బో"కు "తె"కు యతి చెల్లదు కనుక ఛందస్సు ఒప్పుకోదు. స్టోర్స్ ఇన్‌ఛార్జి అంతకన్నా ఒప్పుకోడు.