ఫలితాలు సిద్ధం, పరిశోధనకు నిధులు కావలెను

2025 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ బడ్జెట్ చదువుతూ, చదువుల్లో కృత్రిమ మేధ కోసం ఒక సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ పెడతామని, దానికి 500 కోట్లు ఇస్తామని చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ, ఏఐతో చదువు ఎట్లా సాగుతుందో పరిశోధించమని ఐఐటీ మద్రాసుకు 5 లక్షల డాలర్లు ప్రకటించింది. మన లెక్కలో నాలుగు కోట్ల పైమాటే. 2026-27 నుంచి మూడో తరగతి పిల్లలకే ఏఐ పాఠాలని కేంద్ర విద్యాశాఖ కూడా అనేసింది. ఈ వార్తలన్నీ ఒకచోట చేర్చి చదివాక మా కొత్తపల్లె రచ్చబండకు ఒక ఆలోచన తట్టింది: పరిశోధన మనమెందుకు చేయకూడదు? బడి మనదే, పిల్లలు మనోళ్లే, తక్కువైంది నిధులొక్కటే.

నంద్యాలలో డిగ్రీ ముగించుకొచ్చిన కుర్రాడొకడు సెల్‌ఫోన్ తీసి, ఏఐ చేతనే దరఖాస్తు రాయించాడు. ఏఐ మీద పరిశోధనకు ఏఐ రాసిన దరఖాస్తు. నిధులిచ్చేవాళ్లు కూడా దాన్ని ఏఐ చేతనే చదివిస్తారట కాబట్టి నడుమ మనుషులకు శ్రమ లేదు.

శీర్షిక గట్టిగా చదివాడు: “గ్రామీణ తరగతి గదుల్లో కృత్రిమ మేధ సాధించిన అద్భుత ఫలితాలు: ఒక పరిశోధన.”

“సాధించిన అంటాండావే, ఇంగా మొదలే పెట్టలేదు గదరా?” అన్నాడు అరుగు మీది ముసలాయన.

“ఫలితం ముందే చెప్పకపోతే దుడ్లెవరిస్తారు జేజినాయనా?”

సభ ఆమోదించింది. తర్వాత లక్ష్యం. పిల్లలకు భిన్నాలు వచ్చాయా, వాక్యం తప్పులేకుండా రాస్తున్నారా అన్నవి లక్ష్యాలు కావు. అవి తేలడానికి ఏళ్లు పడతాయి, తేలాక ఇబ్బంది పెడతాయి. కాబట్టి మా లక్ష్యం ‘ఎంగేజ్‌మెంట్’. అంటే పిల్ల తెర వైపు ఎంతసేపు చూసిందన్నది. దానికి అక్కడికక్కడే ప్రయోగం కూడా జరిగింది. నాలుగో తరగతి పిల్లను పిలిచి ఫోన్ చేతికిచ్చి, సగంలో సగం ఎంతో అడగమన్నారు. ఆ పిల్ల మా యాసలో అడిగింది. ఫోన్ పాతకాలం వాచకం తెలుగులో, భిన్నముల గుణకారము గురించి తెరనిండా రాసింది. పిల్ల దాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసి, “అన్నా, ఇది నన్ను తిడతాందా?” అంది. కుర్రాడు వెంటనే రాసుకున్నాడు: ఎంగేజ్‌మెంట్ అమోఘం.

ఇక నమూనా బడుల ఎంపిక. కరెంటు పోకూడదు, నెట్ ఆగకూడదు, సబ్జెక్టుకొక సారుండాలి. అంటే పరిశోధన అవసరం లేని బడి కావాలి. కానీ 2024-25 ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ బడులుంటే, అందులో 12,912 మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. ఆ లెక్కల్లో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. అక్కడ ఒకే సారు తరగతులన్నీ చెప్పాలి, భోజనం చూడాలి, యాప్‌కు ముఖం చూపించి హాజరు వేయించుకోవాలి. మరుగుదొడ్లకు ఫొటోలు తీసి పంపిన రోజులూ ఉన్నాయి. ఏఐ వస్తే టీచరుకు సమయం మిగులుతుందని దరఖాస్తులో ఒక వాక్యముంది. ముందొచ్చిన యాప్‌లు మింగిన సమయాన్ని కక్కిస్తే చాలు, కొత్తగా మిగల్చనక్కర్లేదని ఒక టీచరమ్మ అన్నారు. ఆ మాట దరఖాస్తులో చేర్చలేదు.

బడ్జెట్ దగ్గర ఎవరికీ పేచీ రాలేదు. ప్రారంభ సభ, ఫ్లెక్సీలు, పెద్ద హోటల్లో సదస్సు, ముగింపు సభ. పిల్లలకు తలా ఒక టోపీ. ఫలితాల్ని తూచే పని, సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీకే అప్పగించాం. వాళ్ల సరుకు సంగతి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

‘పూర్వానుభవం’ అన్న గడి కూడా ఖాళీగా పోలేదు. 2022 డిసెంబర్ 21న మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ బైజూస్ పాఠాలతో ట్యాబుల పంపిణీ మొదలైంది. ట్యాబులు 5,18,740. ఖర్చు 686 కోట్లు. 2024 జూలైలో ఆ పాఠాల కంపెనీ దివాలా ప్రక్రియకెక్కింది. ట్యాబుల లెక్క, రూపాయల లెక్క ఒక్కటి తప్పకుండా చెప్పగలం. పిల్లల లెక్కలు ఎంత బాగుపడ్డాయని మాత్రం మమ్మల్ని అడక్కండి.

ఇంతవరకూ విని ముసలాయన లేచాడు. “మన నంద్యాల పరిశోధనా కేంద్రంలో నరసింహ పత్తి యెట్లొచ్చిందో యెరుగుదువా? పాత విత్తనం ఒక మడిలో, కొత్తది పక్క మడిలో. అవే నీళ్లు, అదే ఎరువు. దిగుబడి తూచింది విత్తనాలమ్మేటోడు కాదు. అమ్మేటోడి కరపత్రం నమ్మి విత్తినోడి గతి మనకు తెల్వంది కాదు. పైరుకున్న మర్యాద పిల్లోల్లకు లేదా?”

ఉందనే చెప్పాలి, చేసిన చోట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అన్న పరిశోధకులు 500 పల్లె బడుల్ని చీటీలేసినట్టు విడదీశారు. కొన్నిచోట్ల పిల్లల ఫలితాన్ని బట్టి టీచర్లకు బోనస్, కొన్నిచోట్ల అదనంగా ఒక టీచరు లేదా కొంత గ్రాంటు, వందచోట్ల ఏమీ లేదు. అట్లా పోల్చారు కాబట్టే ఏది ఎంత పనిచేసిందో అంకెతో సహా చెప్పగలిగారు.

2015లో ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అన్న సాఫ్ట్‌వేర్‌నూ 619 మంది పిల్లల మీద లాటరీ వేసే పరీక్షించారు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకున్నారని అక్కడే బయటపడింది. సాఫ్ట్‌వేర్ ఏ పిల్లకు ఆ పిల్ల స్థాయి ప్రశ్నే వేసింది. నాలుగున్నర నెలల్లో, లాటరీ తగలని వాళ్లకంటే తగిలిన వాళ్లు బాగా ముందుకెళ్లారు. అయితే అది నడిచింది బడి వేళలయ్యాక, వేరే కేంద్రంలో. పూటలో సగం తెర ముందు, సగం ఒక మనిషి దగ్గర చిన్న గుంపులో. పైగా బడి పరీక్షలో లెక్కల మార్కులు పెద్దగా కదల్లేదు. తొమ్మిదో తరగతి పిల్లనైతే బడి అడిగేది ఆ తరగతి లెక్క, పిల్ల కొత్తగా నేర్చింది ఐదో తరగతిది. ఇది మెచ్చుకోలూ కాదు, తిట్టూ కాదు, పనికొచ్చే సంగతి. 2019 నోబెల్ గ్రహీత మైకేల్ క్రెమర్ బృందం మన రాష్ట్రం బడుల్లోనే ఇట్లాంటిదే, పిల్ల స్థాయిని బట్టి పాఠం చెప్పే ‘పాల్’ పద్ధతిని పరిశీలించింది. అంటే పరీక్షించి చూడనిది చేతకాక కాదు, ఓపిక లేక.

రచ్చబండకు రోషమొచ్చి దరఖాస్తు తిరగరాసింది. సారు ఒక్కడే ఉన్న బడులే నమూనా. సగానికి ఏఐ, సగానికి అదే ఖర్చుతో ఇంకో టీచరు. పరీక్ష పెట్టేవాడికి కంపెనీతో చుట్టరికం ఉండకూడదు. ఫలితం రాకపోతే ఆ సంగతీ అంతే పెద్ద అక్షరాలతో అచ్చేయాలి. కుర్రాడు ఇవన్నీ ఫోన్‌కు చెప్తే, “అద్భుతమైన సూచనలు!” అని మెచ్చుకుంది. పొద్దున పాత దరఖాస్తునూ అది అట్లాగే మెచ్చుకుంది.

పోర్టల్‌లో ఎక్కిస్తుంటే ఒక గడి దగ్గర బండి ఆగింది: ‘ఆశించిన ఫలితం’. కుర్రాడు ‘ఇంకా తెలియదు’ అని కొట్టాడు. ఎర్రక్షరాల్లో వచ్చింది: చెల్లని సమాధానం, మళ్లీ ప్రయత్నించండి.

“తెలిసుంటే దుడ్లెందుకు అడుగుతాంరా?” అన్నాడు ముసలాయన.

ఆ మాట రాయడానికి పోర్టల్‌లో గడి లేదు.