ఎదకు రాని పెయ్య

నేను సంకరజాతి ఆవును. ఐదేళ్లు నిండాయి. ఈపాటికి రెండు ఈతలు ఈని పాలు ఇస్తూ ఉండాల్సిన వయసు. నేను ఒక్కసారీ ఎదకు రాలేదు, ఇక రాను కూడా. పుట్టకముందే నా గర్భసంచి ఎదుగుదల ఆగిపోయింది. అండాశయాలు పేరుకే ఉన్నాయి, తడిమిన చేతికి తగలవు. పైకి చూస్తే మాత్రం ఏ లోటూ కనపడదు. నునుపైన ఒళ్లు, బలమైన కాళ్లు, మంచి మేపు. ఇన్నాళ్లూ అందరూ ఆశపడింది ఆ పైరూపం చూసే.

హనుమకొండ నుంచి హుస్నాబాద్ పోయే దారిలో ఎల్కతుర్తి దాటితే భీమదేవరపల్లి మండలం. మా ఊరు అక్కడే. ముల్కనూరు మహిళా డెయిరీ మా ప్రాంతానిదే. స్వకృషి పేరుతో పాల ప్యాకెట్లు వచ్చేది దాని నుంచే. అందులో సభ్యులంతా ఆడవాళ్లు. పాలు పోసేది వాళ్లు, లెక్క వాళ్ల పేరు మీద, డబ్బు వాళ్ల చేతికి. మా ఇంట్లో పాల లెక్క అవ్వ పేరు మీద ఉంది. అందుకే నా కడుపు పండకపోవడం అందరికంటే ముందు అవ్వకు దెబ్బ.

నేను ఒంటరిగా పుట్టలేదు. మా అమ్మ ముందు కోడెదూడను ఈనింది, వెనకే నన్ను. అవ్వ ఇద్దరినీ గోనెపట్టాతో తుడిచి, ముక్కులో జిగురు తీసి, జున్నుపాలు తాగించింది. జోడు దూడలు పుట్టాయని వాడకట్టంతా వచ్చి చూసింది. ఆవుల్లో కవలలు నూటికి ఒకటి రెండు ఈతల్లోనే, పాలజాతుల్లో ఇంకొంచెం ఎక్కువ. అదృష్టమన్నారు. కోడెను ఏడాదిలోపే ఎవరికో ఇచ్చేశారు. పెయ్యనని నన్ను ఉంచుకున్నారు.

అసలు సంగతి మేమిద్దరం కడుపులో ఉన్నప్పుడే జరిగింది. మా ఇద్దరికీ వేరువేరు మాయలే. అయితే ఆవు కడుపులో కవలలు పడితే, చూలు కట్టిన నెలా నెలన్నరకే రెండు మాయలూ అతుక్కుని వాటి రక్తనాళాలు కలిసిపోతాయి. నాళాలు కలిస్తే వాడి నెత్తురు నాలోకి, నా నెత్తురు వాడిలోకి. మగపిండంలో బీజాలు ముందు తయారవుతాయి. ఆడ అవయవాలకు మూలమైన గొట్టాలు పెరగకుండా ఆపే హార్మోను ఒకటి వాటి నుంచి వస్తుంది. అది వాడి ఒంటికి కావలసిందే, వాడికి మంచే చేసింది. కలిసిన నెత్తుటితో నాలోకీ వచ్చి నా గర్భసంచిని మొలకలోనే ఆపింది. ఆ తర్వాత అండాశయాలూ ఎదగలేదు. కోడెతో కవలగా పుట్టిన పెయ్యల్లో పదింటికి తొమ్మిదికి పైగా ఇలాగే మిగులుతాయి. ఒక్కోసారి కోడెపిండం కడుపులోనే చనిపోయి పెయ్య ఒక్కతే పుడుతుంది. అప్పటికే నాళాలు కలిసి ఉంటే దాని గతీ ఇంతే. అలాంటిదాన్ని కనిపెట్టడం మరీ కష్టం.

పశువైద్యులు నాలాంటిదాన్ని ఫ్రీమార్టిన్ అంటారు. 1779లోనే జాన్ హంటర్ అనే స్కాట్లండు శస్త్రవైద్యుడు మమ్మల్ని కోసి చూసి రాశాడు. కారణం కలిసిన నెత్తురేనని 1916లో అమెరికాలో ఫ్రాంక్ లిల్లీ వివరించాడు. 1945లో రే ఓవెన్ ఇంకో వింత చూశాడు. కవల దూడల్లో ఒకదాని రక్తకణాలు రెండోదానిలో పెద్దయ్యాక కూడా బతికే ఉన్నాయి, వాటిని ఒళ్లు పరాయివని తోసెయ్యలేదు. నా ఒంట్లో ఇవాళ్టికీ నా తోడబుట్టినవాడి కణాలు తిరుగుతున్నాయి. వాడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఇంగ్లండులో పీటర్ మెడావర్ బృందం కవల దూడల చర్మాన్ని ఒకదాని నుంచి ఒకదానికి అతికితే అది కూడా నిలిచింది. ఆ దారినే ఎలుకల మీద పనిచేసి 1953లో ఫలితం ప్రకటించారు. పరాయి కణజాలాన్ని ఒళ్లు ఒప్పుకునేలా చేయవచ్చన్న ఆశ అలా పుట్టింది. 1960లో మెడావర్‌కు, బర్నెట్ అనే ఇంకో శాస్త్రవేత్తకు నోబెల్ ఇచ్చారు. ఓవెన్‌కు ఇవ్వలేదు, అది అన్యాయమే. అవయవ మార్పిడి శాస్త్రానికి పునాదిరాళ్లలో ఒకటి మా కొట్టంలో దొరికింది. నాకు గర్వంగా ఉంటుంది.

శాస్త్రానికి ఇంత తెలిసినా మా ఇంటికి రావడానికి నాలుగేళ్లు పట్టింది. రెండేళ్లు నిండినా ఎదకు రాకపోతే మేపు చాలలేదనుకున్నారు. పత్తి చెక్క పెంచారు, తవుడు పెంచారు. ఖనిజ లవణ మిశ్రమం తెచ్చారు. నట్టల మందు తాగించారు. ఎద సూదులు వేయించారు, ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి. వచ్చినవాళ్లు ఎవరూ నేను పుట్టిన రోజు గురించి అడగలేదు. సూదులకు పెట్టిన డబ్బు అవ్వ పాల డబ్బే.

చివరికి ఊళ్లో పశువైద్య శిబిరం పెట్టారు. డాక్టరు వెంట మామునూరు పశువైద్య కళాశాల పిల్లలు కూడా వచ్చారు. డాక్టరు చేతికి పొడుగాటి తొడుగు వేసుకుని చాలాసేపు తడిమాడు. చెయ్యి తియ్యకుండానే అడిగాడు.

"అవ్వా, ఇది పుట్టినప్పుడు జోడా?"

"జోడే సారూ. ముందు కోడె."

ఆయన చెయ్యి తీసి తొడుగు విప్పేశాడు. "అయితే సూదులు బంద్ చెయ్యి. దీనికి గర్భసంచి ఎదగలే. మందు లేదు."

పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చూడమన్నాడు. పుట్టిన నెలలోపే తెలుసుకోవచ్చని వాళ్లకు చెప్పాడు. మామూలు పెయ్యకు యోనిమార్గం 12 నుంచి 15 సెంటీమీటర్ల లోతుంటుంది, నాలాంటిదానికి అందులో సగమో ఇంకా తక్కువో. మొన నునుపుగా ఉన్న సన్నటి గొట్టానికి జారుడు రాసి మెల్లగా పెడితే తెలిసిపోతుంది. అనుమానం మిగిలితే నెత్తుటి పరీక్ష ఉంది, ఆడదాని నెత్తుటిలో మగ క్రోమోజోమ్ కణాలు కనపడతాయి. ఎవరికి వాళ్లు పుల్లలు పెట్టి చూస్తే దూడకు పుండు పడుతుంది, డాక్టరు చెయ్యాల్సిన పని.

పక్కింటామె భయంగా అడిగింది. "మా మనవడూ మనవరాలూ కవలలే సారూ. పొల్లకు గిట్ల అయితదా?"

"కాదమ్మా. మనుషుల్ల అట్ల కాదు. ఆడామగా కవలల మాయల్ల నెత్తురు కలిసేది ఎన్నడో ఒకసారి. ఆ కవల ఆడపిల్లలు అందరి లెక్కనే పిల్లల్ని కంటరు."

ఆమె వెళ్లాక అవ్వ ఇంకో మాట అడిగింది. తన చెల్లెలు సమర్త కాలేదట. పెళ్లయిన రెండో ఏడే అత్తగారు పుట్టింటికి తోలేశారట. ఊరు ఎన్ని మాటలందో అవ్వ చెప్పలేదు.

డాక్టరు కొంచెం ఆలోచించి చెప్పాడు. మనుషుల్లో ఐదువేల మంది ఆడపిల్లల్లో దాదాపు ఒకరికి పుట్టుకతోనే గర్భసంచి ఎదగదు. కారణం కవల కాదు, వేరే. దాన్ని ఎంఆర్‌కేహెచ్ సిండ్రోమ్ అంటారు. అండాశయాలు బాగానే పనిచేస్తాయి, రొమ్ములు వస్తాయి, ఎత్తు పెరుగుతారు, నెలసరి ఒక్కటే రాదు. పదిహేను పదహారేళ్లు వచ్చినా సమర్త కాకపోతే స్కానింగ్ తీయిస్తే తేలుతుంది. "నీ చెల్లెకు అదే ఉండెనో ఇంకోటో, చూడకుంట నేను చెప్పలేను. తప్పు మాత్రం ఆమెది కాదు" అన్నాడు. స్వీడన్‌లో అలా గర్భసంచి లేకుండా పుట్టిన ఒకామెకు ఇంకొకామె గర్భసంచి అమర్చారు. 2014లో ఆమె బిడ్డను కన్నదని కూడా చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు కవల దూడల చర్మం మీద మెడావర్ అతికిన అతుకులే నాకు గుర్తొచ్చాయి.

ఆ రాత్రి కొట్టం ముందరే అవ్వ కొడుకు అన్నాడు. "అవ్వా, అంగడికి కొట్టుకపోత. తొలిసూరు పెయ్య, ఇంకో నెలల ఎదకొస్తదని చెప్తే మంచి రేటొస్తది."

"కొనుక్కపోయేది ఎవలు బిడ్డా? నా అసుంటి ఇంకో ఆడిదే గద. నేను పెట్టిన సూది పైసలు ఆమె గూడ పెట్టాల్నా?"

కొడుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నన్ను అమ్మలేదు. నా పేడ వరిమడికి పోతోంది, నా గడ్డి ఖర్చు అవ్వకు భారమే. రెండు ఆవులున్న ప్రతి ఇల్లూ ఈ భారం మోయగలదని నేను అనను. ముందే తెలిసి ఉంటే అవ్వకు ఇంత నష్టం వచ్చేది కాదు, నాకు అన్ని సూదులు పడేవి కావు.

మీ కొట్టంలో ఆవుకు కోడె, పెయ్య జోడుగా పుడితే నెల తిరగకముందే ఆ పెయ్యను పశువుల దవాఖానలో చూపించండి. పెయ్యను కొనబోతే అది జోడులో పుట్టిందా అని అడగండి. అమ్మబోతే అడగకముందే చెప్పండి. మీ ఇంట్లో పదహారేళ్ల అమ్మాయి ఇంకా సమర్త కాకపోతే పెళ్లి మాట ఎత్తకముందు స్త్రీల వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లండి, ఆమె చెప్పింది ఆ అమ్మాయికి కూడా అర్థమయ్యేలా చెప్పించండి.