ఛాతీ మీద కాపురం

ఈ కథ చెబుతున్న ఎలక్ట్రోడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పుంటుంది. మధ్యలో ప్రెస్ బటన్, బటన్ కింద వెండి పూత, దాని మీద సిల్వర్ క్లోరైడ్ పొర, ఆ కింద ఉప్పు కలిసిన జెల్, చుట్టూ జిగురు రాసిన ఫోమ్. రాజమండ్రిలో ఒక డాక్టరుగారి గదిలో దాన్ని రావులపాలెం దగ్గరి అరటి రైతు ఛాతీకి అంటించారు. ఆయనకు ఉన్నట్టుండి గుండె దడ వస్తోంది. ఆసుపత్రికి చేరేసరికి తగ్గిపోతోంది. పది సెకన్ల ఈసీజీలో ఏమీ కనపడలేదు. అందుకని రెండు రోజులపాటు గుండె లయను రికార్డు చేసే హోల్టర్ పరికరం పెట్టి పంపారు.

“స్నానం చెయ్యకూడదు బాబాయిగారూ, బిళ్ళలు ఊడకుండా చూసుకోండి,” అంది టెక్నీషియన్ అమ్మాయి.

“ఆయ్, అలాగేనమ్మా,” అన్నాడాయన. మే నెల అది. తోటకు నీళ్ళు పెట్టే రోజులు.

ఈ బిళ్ళ పని మాటల్లో చెబితే చిన్నదే. ఒంట్లో విద్యుత్తును మోసేవి అయాన్లు, తీగలో మోసేవి ఎలక్ట్రాన్లు. ఒకటి రెండోదిగా మారేది సిల్వర్ క్లోరైడ్ పొర దగ్గర. ఒంటి పైకి వచ్చేసరికి గుండె సంకేతం దాదాపు ఒక్క మిల్లీవోల్టే ఉంటుంది. దానికి అడ్డం చర్మం పైపొర. మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం కూడా ఉండని ఆ చచ్చిన కణాల పొరను తడిపి, దారి చేయడానికే జెల్. అంతా కుదిరిందనుకున్నాక మనిషి చెయ్యెత్తుతాడు, చర్మం సాగుతుంది. ఆ సాగుడుకే పుట్టే వోల్టేజి గుండె సంకేతాన్ని ముంచేయగలదు.

ఈ బిళ్ళ పూర్వీకులకు ఈ బాధ లేదు. 20వ శతాబ్దం మొదట్లో నెదర్లాండ్స్‌లో విలెమ్ ఐంథోవెన్ ఈసీజీ తీసేటప్పుడు రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ పాత్రల్లో పెట్టించేవాడు. ఆ కృషికి 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తిరుగుతున్న మనిషి గుండెనే వినాలని పట్టుబట్టినవాడు అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్. 1940ల చివర్లో వీపుకు కట్టుకున్న ఆయన రేడియో పరికరం బరువు సుమారు 38 కిలోలు. ఇవాళ ఆ యంత్రం జేబులో పడుతోంది. ఛాతీ మీద బిళ్ళ మాత్రం యంత్రంతో సమంగా ఎదగలేదు.

గోదావరి జిల్లాలకు దీనితో ఏం పని? చాలా ఉంది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, దాదాపు 1,80,000 మంది జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో 1,354 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ తరఫున ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇళ్ళకు వెళ్ళి, ఎలా పోయారో అడిగి రాసుకున్నారు. 2006లో అచ్చయిన లెక్క ప్రకారం వాటిలో 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పక్షవాతం కూడా అందులో భాగమే. గుండె పైగదులు లయ తప్పి వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పక్షవాతానికి ఒక పెద్ద కారణం. అది వచ్చిపోతూ ఉంటుంది. వచ్చిన ఘడియలో బిళ్ళ ఒంటి మీద ఉండాలి.

ఉండనిచ్చేదెక్కడ? మొదటి రోజు మధ్యాహ్నానికే ఫోమ్ కింద చెమట పట్టింది. ఈ రకం ఫోమ్‌లోంచి గాలి ఆడదు, ఆవిరి బయటికి పోదు. జిగురు అంచు లేచింది, లోపలి చర్మం నాని ఎర్రబడింది. దురద మొదలైంది. రైతు గోకిన ప్రతిసారీ రికార్డింగులో గుండె కొట్టుకోని చోట శిఖరాలు లేచాయి. తీగ బరువు బటన్‌ను లాగుతూ ఉంటే జెల్ కదిలి మరికొన్ని. రాత్రి ఉక్కపోతకు నిద్ర పట్టక, భార్య వద్దంటున్నా, ఆయన ఒక బిళ్ళ పీకి పక్కన పెట్టాడు. ఆయన తప్పేం లేదు. దురద భరించడం రోగి బాధ్యత అనుకోవడంలోనే తప్పుంది.

సుఖమూ కచ్చితత్వమూ రెండు వేరు సంగతులనిపిస్తుంది, కానీ కాదు. 2014లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో 146 మందికి 24 గంటల హోల్టరూ, 14 రోజుల దాకా అంటించుకునే తీగల్లేని ప్యాచీ ఒకేసారి పెట్టారు. హోల్టర్ 61 లయ దోషాలను పట్టింది. ప్యాచ్ 96 పట్టింది. ప్యాచ్‌లో ఎలక్ట్రానిక్స్ గొప్పతనం కంటే, మనుషులు దాన్ని ఒంటి మీద ఉండనివ్వడమే ఎక్కువ పనిచేసిందని ఈ బిళ్ళ నమ్మకం. హైదరాబాదులో మానిట్రా హెల్త్‌కేర్ కూడా అప్‌బీట్ పేరుతో ఛాతీకి అంటించే ప్యాచ్ తయారుచేసింది.

మెత్తదనానికి ఒక లెక్క ఉంది. మందం సగం చేస్తే వంగడానికి చూపే మొండితనం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పలచనిది చర్మంతోపాటే ముడుచుకుంటుంది, సాగుతుంది. ఈ దారిలో చాలా దూరం వెళ్ళింది జపాన్‌లో తకావో సొమేయా బృందం. 2017లో వాళ్ళు చూపించిన బంగారు దారాల జాలిని చర్మం మీద పెట్టి నీళ్ళు చల్లితే, కిందున్న పాలీవినైల్ ఆల్కహాల్ ఆత్రేయపురం పూతరేకులా కరిగిపోయి, బంగారం ఒక్కటే ఒంటి గీతల్లో కూర్చుంటుంది. మధ్య ఖాళీల్లోంచి చెమట ఆవిరైపోతుంది.

అది అందరికీ అందుబాటులోకి రావడానికి టైము పడుతుంది. ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి: ఫోమ్ బదులు గాలి ఆడే నేత కాని గుడ్డ, చెమటను పీల్చుకునే హైడ్రోకొల్లాయిడ్ జిగురు, ముసలివాళ్ళ పలచటి చర్మానికి తేలిగ్గా ఊడివచ్చే సిలికోన్. జెల్ అక్కర్లేని పొడి ఎలక్ట్రోడ్లు డెల్టాకు బాగా నప్పుతాయి. అంటించిన కొత్తలో వాటి సంకేతం గరగరలాడుతుంది. చెమట పట్టాక ఆ ఉప్పునీళ్ళే జెల్ పని చేస్తాయి. ఏసీ గదిలో నెగ్గిన నమూనాను భీమవరం రొయ్యల చెరువు గట్టు మీద, అంబాజీపేట కొబ్బరి పీచు పనివాళ్ళ ఒంటి మీద కూడా పరీక్షించి తీరాలి.

రైతు తిరిగొచ్చాడు. టెక్నీషియన్ అమ్మాయి అంచులు తడిపి, బిళ్ళను పైకి లాగకుండా చర్మం వెంబడి వెనక్కి మడిచి తీసింది. పైపొర లేచిపోకుండా తీసే పద్ధతి అదే. రికార్డింగులో సగం చదవడానికి వీల్లేకుండా ఉంది. డాక్టరుగారు ఎర్రబడిన చోటు చూసి, దాన్ని వదిలేసి ఎముక మీదికి జరిపి పెట్టమని, ఈసారి రెండు వారాల ప్యాచ్ రాశారు.