ద్విచక్ర వేదాంతము

ఈ మధ్య మన నగరములలో ఒక నూతన వేదాంతము ప్రబలినది. దీనికి మఠములు లేవు, మంత్రోపదేశముతో పని లేదు. కావలసినదెల్ల లక్షన్నర రూపాయలకు తక్కువ గాని ఒక సైకిలు, ఒంటికి రెండవ చర్మమువలె అంటుకొను చొక్కా, ఆదివారమునాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవగల మొండితనము. ఈ మతమున దీక్ష పుచ్చుకొన్నవారి మహావాక్యములు రెండు. దూరప్రయాణమున సైకిలు తొక్కువాడు పరాధీనత యెరుగక కేవల స్వశక్తితో లోకమును దాటుచున్నాడనునది మొదటిది. అట్లు దాటుచుండగా వానికి ప్రకృతితోడను, తదనంతరము తన ఆత్మతోడను సాక్షాత్పరిచయము కలుగుననునది రెండవది. వీనిని ఖండించుటకు నాయొద్ద శాస్త్రప్రమాణము లేదు గాని, ఉగాదికి వారము దినములు ముందుగా ఒక మిత్రుని వెంట అచ్చంపేటనుండి శ్రీశైలమునకు చేసిన ఒకనాటి ప్రయాణము మాత్రము ప్రత్యక్షప్రమాణముగా కలదు.

మా మిత్రుడు ఈ మతమున సామాన్యుడు కాడు. పారిస్ నగరమున ఒక ప్రాచీన సైకిలు సంఘము నిర్ణయించిన నియమము ప్రకారము 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలోను, 300ను 20 గంటలలోను, 400ను 27 గంటలలోను, 600ను 40 గంటలలోను ఒకే సంవత్సరమున తొక్కి, దారిలో మజిలీ మజిలీకి చీటిపై ముద్ర వేయించుకొని వచ్చినవానికి ఒక బిరుదము కలదు. పూర్వము కవులకు గండపెండేరమెట్టిదో వీరికి ఆ బిరుదమట్టిది. మజిలీకి మజిలీకి నడుమ వెంట బండి పెట్టుకొని సహాయము పొందరాదని ఆ సంఘమువారు విధించినారు. పందెమునకొక కట్టుబాటుండవలెను గదా యని వారు పెట్టుకొన్న ఈ చిన్న నిబంధనను మావాడు ఉపనిషద్వాక్యముగా గ్రహించి, "నాకెవరూ అక్కర్లేదు, నేనూ నా బండీ చాలు" అని స్నేహితుల పెండ్లివిందులలో సైతము ఉపన్యసించుచుండును.

ఆ బండిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. మా నాయనగారి యిరువదిరెండంగుళముల సైకిలునకు స్టాండు, క్యారేజీ, మడ్‌గార్డులు, బెల్లు, చైను మీద రేకుకప్పు, రాత్రివేళ చక్రమునకు రాచుకొని రొదచేయు డైనమో, తాళము ఉండెడివి. దానిమీద వడ్లబస్తా పోయెడిది, గ్యాసుబండ పోయెడిది, వెనుక మా అమ్మగారును ముందు కడ్డీ మీద నేనును పోయెడివారము. మా మిత్రుని సైకిలును నిర్మించినవారు వేదాంతులై యుండవలెను. "నేతి నేతి" యనుచు స్టాండు తీసివేసిరి, క్యారేజీ తీసివేసిరి, మడ్‌గార్డులు తీసివేసిరి, బెల్లు తీసివేసిరి, తీసివేసిన ప్రతి వస్తువునకును పదివేలు ధర పెంచిరి. మిగిలిన నిర్గుణస్వరూపము తొమ్మిది కిలోల తూకము కలదై, నిలుచుటకు మాత్రము సర్వదా ఒక గోడ నపేక్షించుచుండును. స్వావలంబనమునకు ప్రతీకయైన ఈ యంత్రము దినమంతయు ఆధారము లేక నిలువజాలకుండుట నాకు గొప్ప చోద్యమై తోచెను. అడవిలో గోడలుండవు. కావున మావాడు టీ త్రాగునప్పుడెల్ల నేను దానిని పట్టుకొని నిలుచుంటిని. నాది మధ్యతరగతి సైకిలు. దానికి స్టాండు కలదు.

ఆ అడవిదారిలో రాత్రి తొమ్మిదినుండి ఉదయమారు వరకు వాహనములను పోనీయరు గనుక, చీకటితో అచ్చంపేట విడిచి, మన్ననూరు తనిఖీద్వారము కడ ఆరగువరకు నిలిచి, టీ త్రాగి, పులుల అభయారణ్యమున ప్రవేశించితిమి. నల్లమల ఆ వేళ ఎండుటాకుల వాసనతో, ఎక్కడనో ఒక నెమలి కూతతో, మోదుగుపూల ఎరుపుతో నిజముగా చూడదగినదై యుండెను. మావాడు దానిని చూడలేదు. వాని చూపెల్ల హ్యాండిలు మీది చిన్న గాజుతెరపైన నుండెను. అందు వేగము, దూరము, ఎక్కిన ఎత్తు, కాళ్లు తిరిగిన చుట్లు, హృదయస్పందనమును వేరువేరు గళ్లలో కనిపించును. "నూట యాభై ఆరు కొట్టుకుంటోంది" అని ఒగర్చుచు చెప్పెను. ఆ ఒగర్పే చాలదా యని నే ననలేదు. వటవర్లపల్లి యింక కొంత దూరమున్నదనగా మూడు దుప్పులు రోడ్డున కడ్డముగా వచ్చి, నడిమిది ఒక్క నిమిషము మా వంక చూచి, తీరికగా దిగువకు పోయెను. నేను కేకవేసితిని. మావాడు తలయెత్తి, ఖాళీ రోడ్డును చూచి, "ఫోటో తీశావా?" అనెను. ప్రకృతిసాక్షాత్కారము అంతటితో సమాప్తమయ్యెను. యంత్రమునకు దాసులైనవారి సంగతి యిట్లుండును. నేనట్టివాడను గాను, నా ఫోను జేబులోననే యుండెను.

ఇక స్వశక్తి. ఆ దినమున మధ్యాహ్నము లోపల మేము ఇతరులనుండి గ్రహించినవి: టీలు నాలుగు, ఇడ్లీలు పది, వానితో అడిగి పోయించుకొన్న చట్నీ రెండుమార్లు, మజ్జిగ, ఒక గుడికుళాయి నీళ్లు, టీకొట్టు గోడలోని మీటనుండి గాజుతెరకు కొంత విద్యుత్తు, ఒక గొర్లకాపరి చెప్పిన దారి. ఆ టీకొట్టులోని అవ్వ మావాని దుస్తులను క్రిందినుండి మీదికి రెండుసార్లు పరికించి, "యాడికి బిడ్డా?" అని యడిగి, శ్రీశైలమనగానే, "అయ్యో, బస్సు దప్పిందా?" అని నొచ్చుకొనెను. మావాడు నవ్వి, ఎవరి సాయమును లేక సొంతంగా తొక్కుకుంటూ పోతున్నామని చెప్పెను. ఆమె జాలిపడి మరి రెండు ఇడ్లీలు వేసెను.

దోమలపెంట సమీపించుచుండగా ముందుచక్రము బుస్సుమనెను. మావాని సంచిలో అదనపు ట్యూబొకటి యుండెను గాని, అది మూడు నెలలుగా సంచిలో మడత నలిగి మడతవద్దనే చిల్లిపడియుండెను. పంక్చరు దుకాణము దాక తోసికొని పోయితిమి. దుకాణమునకు ముందు దుకాణదారుని సొంత సైకిలు స్టాండు మీద నిలిచియుండెను; దాని క్యారేజీకి పాత ట్యూబుముక్కతో బియ్యపుసంచి కట్టియుండెను. ఆయన టైరు లోపల బొటనవ్రేలితో మెల్లగా తడిమి, ఎవరి కంటికిని కానరాని తుమ్మముల్లు నొకదానిని గోటితో పెరికి, ట్యూబును నల్లని నీళ్లతొట్టిలో ముంచి, దారమువలె లేచుచున్న బుడగలను చూపి, ఉప్పుకాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, నోటితో ఊది, ముక్కను అతికించెను. పది నిమిషములలో ఇంత తీరైన పని నే నాదినము మరొకటి చూడలేదు. చిక్కు పిమ్మట వచ్చినది. మోటారుసైకిళ్లకు గాలికొట్టు మిషను మూతి మావాని వాల్వునకు పట్టలేదు.

"గిదేంది సార్, గింత సన్నగున్నది? దీనికి ఇత్తడిది చిన్న బిళ్ల ఒకటొస్తది గదా?"

"ఉంది. ఇంట్లో పెట్టొచ్చాను."

"ఎందుకు సార్?"

"బరువని."

ఆయన ఏమియు అనలేదు. దుకాణపు డబ్బాలో వెదకి అంతటి పరిమాణము గల మర నొకదానిని తీసి, అరచేతిలో పెట్టుకొని, రెండుమూడుసార్లు ఎగురవేసి పట్టి, మరల డబ్బాలో పడవేసెను. ఖండనగ్రంథములు వ్రాసిన మహాపండితులకు ఈ సంక్షిప్తత అలవడలేదు.

పిదప మావాని చేతిపంపుతో గాలికొట్టు భారము నాపై బడెను. ఏలయనగా అతడు ఆ ఘట్టమును వీడియో తీయవలసియుండెను. ఆయన కూతురు, ఏడేండ్లది, నా ప్రక్కన గొంతుకూర్చుండి పోట్లు లెక్కించుచుండెను. దానికి వందవరకే వచ్చును గనుక వంద కాగానే మరల ఒకటినుండి మొదలుపెట్టెను. అట్లు మూడు వందలు దాటెను. నలువది రూపాయలడిగిరి, మావాడు వంద ఇయ్యబోగా చిల్లర లెక్కపెట్టి తిరిగి యిచ్చిరి. అనంతరము మావాడు కెమెరాను తనవైపు త్రిప్పుకొని, ఏ సహాయమును లేని యాత్రలో ఇట్టి కష్టములు సహజములని ప్రపంచమునకు విన్నవించెను.

సైకిలు మీద సాహసము చేసినవారు లేకపోలేదు. 1923లో బొంబాయినుండి ఆరుగురు పార్సీ యువకులు భూమండలమును చుట్టిరా బయలుదేరగా వారిలో ముగ్గురు 1928లో చుట్టి వచ్చినారు. వారికి గాజుతెర లేదు, తరచుగా రోడ్డును లేదు. 1990ల తొలినాళ్లలో తమిళదేశపు పుదుక్కోట్టై జిల్లాలో వేలకొలది పల్లెస్త్రీలు అక్షరములతో పాటు సైకిలు నేర్చి, భర్త కొరకును బస్సు కొరకును వేచియుండు పని మానుకొన్నారు. స్వావలంబనమను మాటకు అర్థము కావలసినవారు అక్కడ చూడవచ్చును. మా తరము వారిలో సగము మంది తొక్కిన అట్లాస్ సైకిళ్లను చేయు చివరి కర్మాగారము సాహిబాబాదులో 2020 జూన్ 3వ తేదీన మూతపడినది. ఐక్యరాజ్యసమితివారు ప్రపంచ సైకిలు దినోత్సవముగా ప్రకటించిన దినము సరిగా అదియే. ఆనాడు మావాడు సైకిలు మహిమను గూర్చి ఉపన్యసించియే యుండును.

ఈగలపెంట దాటినపిమ్మట ఘాటు కృష్ణదాక దిగును. దిగునప్పుడు మావానికి వేదాంతమంతయు తిరిగివచ్చెను. ఎడతెగని మలుపుల నడుమ ఆనకట్ట పన్నెండు గేట్లును మూసికొని, ఎండకు తెల్లగా మెరయుచుండెను. వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కుడు మొదలు కాగానే ఇరువురమును దిగి సైకిళ్లను తోసితిమి. తోసినదానిని గూడ గాజుతెర నిష్పక్షపాతముగా దూరములో కలుపుకొనుచుండెను. తొక్కుట, తోయుట యను ద్వైతము దానికి లేదు.

శ్రీశైలమున మా సత్రము చేరునప్పటికి సాయంకాలము. మల్లన్న శిఖరము కనబడుచుండెను. మావాడు దానికి చేయెత్తక గాజుతెరను చూచి నిర్ఘాంతపోయెను: 97.4. వంద కాని దినము దినము గాదట. వెంటనే సత్రము చుట్టును తిరుగ నారంభించెను. సత్రపు అరుగు మీద కన్నడదేశమునుండి కాలినడకన వచ్చిన యాత్రికులు కాళ్లకు గుడ్డలు చుట్టుకొని కూర్చుండిరి. వారిలో నొక వృద్ధుడు రెండు చుట్లు చూచి ఓర్వలేక లేచి, చేయి యడ్డము పెట్టి ఆపి, అప్రదక్షిణముగా పోవుచున్నావు, కుడివైపుగా తిరుగుమని సైగచేసెను. మావాడు బుద్ధిగా త్రిప్పుకొనెను.

"ఎన్ని చుట్లు మొక్కుకున్నాడు?" అని ఆయన నన్నడిగెను.

"తొమ్మిది కావచ్చును."

"మంచి లెక్క." కొంతసేపు మౌనముగా చూచి, నా వైపు తిరిగెను. "నీకు మొక్కు లేదా నాయనా?"

లేదని చెప్పుటకు నోరు తెరచితిని. చెప్పకముందు ఎందుకైన మంచిదని జేబులోని ఫోను తీసి చూచితిని. 97.1. సైకిలు స్టాండు తన్ని, ఆయన చూపిన వైపునకే త్రిప్పితిని.